మనోవ్యాధికీ మందుంది

మన తెలుగువాళ్ళకి 'కౌన్సెలింగ్' అన్నమాట కొత్తేం కాదు. ఇంటర్ పాసైన పిల్లలున్న ఇంట్లో కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగ్ సీటు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన మొగుడూ పెళ్ళాలకి కౌన్సెలింగ్ అంటే 'సర్దుకుపోండమ్మా' అని చెప్పి ఇంటికి పంపించడం. ఇక పేపర్లో 'రౌడీషీటర్లకు కౌన్సెలింగ్' అని హెడ్డింగు కనిపిస్తే దాని అర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు! ఇన్ని అర్థాలు పోగుపడ్డ మాటతో కాలేజీవాళ్ళు ఫోన్ చేసి, 'మీ అమ్మాయికి కౌన్సెలింగ్ అవసరమండీ, ఓసారి రండి' అంటే ఏ తల్లి గుండె దడదడలాడదు? 'మా పిల్ల ఏం తప్పు చేసిందండీ?' అనే అడుగుతుంది మొదట.

అలాంటి ఫోన్లు ఇకమీదట ఎక్కువ అవుతాయి. ఎక్కువ కావాలి కూడా. ఎందుకో చెబుతాను.

ఓ తండ్రి వేసిన కేసు

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. కూతురు పోయిన తీరు మీద అనుమానాలతో ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరిగాడు. హైకోర్టు కాదన్నాక సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆ కేసు దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగలేదు. మానసిక ఆరోగ్యం కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చి, తగిన చట్టం వచ్చేదాకా వీటినే పాటించాలంది.

అందులో మనకి ముఖ్యమైనవి కొన్ని: వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టడం, నలుగురిలో నిలబెట్టి పరువు తీయడం కూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు క్లాసుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకి కూడా అవగాహన కలిగించాలి.

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో 13,044 మంది విద్యార్థులే. అంటే రోజుకి సగటున 35 మందికి పైనే. ఒక క్లాసు గదిలో సగం అనుకోండి! ఈ లెక్క చూశాక కౌన్సెలర్‌ని పెట్టమనడం ఎక్కువేమీ కాదనిపిస్తుంది.

అయితే కుర్చీ వేసి, గది మీద బోర్డు తగిలించినంత మాత్రాన పిల్లలు వచ్చి మనసు విప్పుతారా? ఆ కౌన్సెలర్‌కి జీతమిచ్చేది యాజమాన్యమే. పిల్ల చెప్పిన మాట సాయంత్రానికి ప్రిన్సిపాల్ చెవిన పడుతుందేమోనన్న అనుమానం వస్తే ఇంకో పిల్ల ఆ గడప తొక్కదు. లెక్కల మాస్టారికే 'కౌన్సెలర్' అని ఇంకో బోర్డు తగిలిస్తే పని ఇంకా చెడుతుంది. కాబట్టి ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు మార్కుల షీటు చూసుకుని వచ్చేయకుండా మూడు ప్రశ్నలడగండి: కౌన్సెలర్ ఎవరు? ఏం చదువుకున్నారు? పిల్లలు చెప్పింది ఎవరికి చేరుతుంది? పదిమంది తల్లులు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మనల్ని పిలిచేదెవరు?

పిల్లల సంగతి సరే. మరి మన సంగతి? 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్ళు 45,026 మంది. అందులో 23,178 మంది గృహిణులు. అంటే సగం మందికి పైనే. పరీక్ష తప్పామని కాదు, ఉద్యోగం పోయిందని కాదు... పొద్దున్నే లేచి పాలు కాచి, కాఫీలు కలిపి, క్యారేజీలు కట్టే మనలాంటివాళ్ళు! మనకి ఏ కాలేజీవాళ్ళూ ఫోన్ చెయ్యరు. హాజరు పట్టీలో గైర్హాజరు పడదు కాబట్టి మనం లోపల్లోపల ఎంత కుంగిపోయినా ఎవరికీ తెలియదు. కూర మాడితేనే తెలుస్తుంది.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని అందులో తేలింది. జబ్బు రకాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందడం లేదని కూడా తేలింది. డాక్టర్లు తక్కువన్నది నిజమే గానీ, అదొక్కటే కారణం కాదు. 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది' అని మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. ఇంట్లో మాట గడప దాటకూడదన్నారు. పైగా 'మనోవ్యాధికి మందు లేదు' అని ఓ సామెత కూడా తయారుచేసి పెట్టారు! దాంతో తాయెత్తు కట్టించుకోవడానికీ, దిష్టి తీయించుకోవడానికీ వెనకాడని వాళ్ళం కూడా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళమంటే మాత్రం 'నాకేమైనా పిచ్చా?' అంటాం.

అసలక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎవరు ఎవరు?

ముందు పేర్లు సరిచూసుకుందాం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. వాళ్ళ పేరు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో నమోదై, దానికో నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడంలో తప్పులేదు. బంగారం కొన్నప్పుడు హాల్‌మార్కు చూడమూ?

ఇక 'కౌన్సెలర్' అన్న పేరు దగ్గరే జాగ్రత్త అవసరం. సైకాలజీలో పీజీ చేసి, అనుభవజ్ఞుల కింద శిక్షణ పొందిన మంచి కౌన్సెలర్లున్నారు. వారాంతంలో రెండ్రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్ళూ ఉన్నారు. చదువెక్కడ, శిక్షణ ఎన్నాళ్ళు, ఇలాంటి సమస్యలు ఇదివరకు చూశారా అని మొదటే అడిగెయ్యండి. సరైనవాళ్ళు నొచ్చుకోరు, సంతోషంగా చెబుతారు.

వీళ్ళలో ముందు ఎవరి దగ్గరికి? రాత్రిళ్ళు అసలు నిద్ర లేకపోవడం, తిండి మానెయ్యడం, లేనివి కనిపించడం, వినిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు... ఇలాంటివి ఉంటే ముందు సైకియాట్రిస్టే. ఇంకోమాట, నీరసం, దిగులు, చిరాకు థైరాయిడ్ తేడా వల్ల కూడా వస్తాయి. రక్తహీనత వల్ల నీరసం వస్తుంది. అందుకని ఓ రక్తపరీక్ష చేయించుకుని వెళ్ళడం మంచిది.

మొదటి రోజు

మూడేళ్ళ క్రితం మా అమ్మ పోయాక నాకు నిద్ర కరువైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. కథ రాద్దామని కూర్చుంటే కాగితం మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. ఏడాది మాసికాలన్నీ అయ్యాక కూడా అంతే. మా ఫ్యామిలీ డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, 'శరీరంలో ఏమీ లేదమ్మా, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడు' అన్నారు. మా ఊరినుంచి గుంటూరు గంట ప్రయాణం. ఆరుసార్లు వెళ్ళాను. అక్కడ చూసిందీ, ఆ తర్వాత తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మంచం మీద పడుకోబెట్టి, కళ్ళ ముందు గొలుసు ఊపడం సినిమాల్లోనే. ఇక్కడ రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద మంచినీళ్ళు. ముందు ఓ ఫారం నింపమంటారు. పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ మందులు వాడుతున్నారు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలేమైనా వాడుతూంటే ఓ చీటీ మీద రాసుకుని వెళ్ళండి.

తర్వాత, 'చెప్పండి, ఏం ఇబ్బందిగా ఉంది?' అంటారు. అక్కడే చాలామందికి నోరు పెగలదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఫరవాలేదు, 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదండీ' అనే మొదలుపెట్టండి. ఎన్నాళ్ళ నుంచి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా, మద్యం అలవాటు ఎవరికైనా ఉందా... ఇవన్నీ అడుగుతారు. మీ గుట్టు లాగడానికి కాదు. దారం చిక్కు తీసేవాళ్ళు ముందు కొస కోసం వెతుకుతారు కదా, అలాగన్నమాట.

'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగవచ్చు. ఉలిక్కిపడకండి. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందనుకుంటాం గానీ అది నిజం కాదు. అడిగినందువల్ల లోపల దాచుకున్నవాళ్ళకి చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఉంటే ఉందని చెప్పెయ్యండి.

కొన్నిచోట్ల ప్రశ్నల కాగితం ఇస్తారు. దిగులు ఎంతుందో చూడ్డానికి తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి బాగా వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించింది అనేదాన్ని బట్టి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. ఇందులో తక్కువ వస్తేనే మంచిది! కొన్ని వారాల తర్వాత మళ్ళీ అదే ఇస్తే తేడా తెలుస్తుంది.

మొత్తం ముప్పావుగంట, గంట పడుతుంది. ఏడుపు రావచ్చు. నాకైతే అమ్మ పేరు చెప్పగానే వచ్చింది. ఆవిడ 'ఊరుకోండి, ఊరుకోండి' అనలేదు. ఏడవనిచ్చారు. మనిళ్ళలో ఏడుపు మొదలెట్టగానే నలుగురూ చేరి ఆపేస్తారు కదూ! అక్కడ ఆపలేదు. అదే పెద్ద ఊరట. అయితే ఇంటికొచ్చాక ఒళ్ళంతా పులిసిపోయినట్టు ఉంది. మొదటిసారి తర్వాత కొందరికి బరువు తగ్గినట్టు ఉంటుంది, కొందరికి ఇంకా పెరిగినట్టుంటుంది. రెండూ మామూలే. ఆ సాయంత్రం చుట్టాలింటి పేరంటాలవీ పెట్టుకోకండి.

సలహా ఇవ్వరేం?

మొదటిసారి వెళ్ళొచ్చినవాళ్ళ ఫిర్యాదు ఇదే. 'అంతా నాచేతే చెప్పించింది, ఒక్క సలహా ఇవ్వలేదు. దీనికి డబ్బులా?' అని. సలహాలకేం, మన చుట్టూ బోలెడు! అత్తగారిస్తారు, పక్కింటావిడిస్తుంది, వాట్సాప్ ఇస్తుంది. కౌన్సెలర్ పని వేరు. మన ఆలోచన ఎక్కడ మెలిక పడుతోందో మనకే కనిపించేలా చెయ్యడం. 'ఆయన పలకలేదు' అన్నది జరిగిన సంగతి. 'నేనంటే లెక్కలేదు' అన్నది మనం దానికి అతికించుకున్న అర్థం. ఈ రెంటినీ విడదీసి చూడ్డం నేర్పే పద్ధతిని సీబీటీ అంటారు. ఇందులో ఇంటిపని కూడా ఉంటుంది. ఏం జరిగింది, అప్పుడేమనిపించింది, ఏం చేశాను అని రోజూ నాలుగు వాక్యాలు రాసుకురమ్మంటారు. పాలవాడి లెక్క రాసినట్టు రాసుకోవడమే.

ఎన్నిసార్లు వెళ్ళాలి? సమస్యని బట్టి ఉంటుంది. సీబీటీ లాంటి వాటికి సాధారణంగా ఆరు నుంచి ఇరవై దాకా పడతాయి. డాక్టరు మాత్రలు కూడా రాస్తే, దిగులు తగ్గే మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. 'వారమైంది, ఏమీ కాలేదు' అని మానెయ్యకూడదు. తగ్గింది కదా అని డాక్టరుకి చెప్పకుండా ఆపెయ్యడం అసలు కూడదు.

గోడలకి చెవులుంటాయా?

మన అసలు భయం ఇది. ఎవరికైనా తెలిస్తే? అమ్మాయి పెళ్ళి సంబంధాలో? ఆడబడుచు చెవిన పడితే?

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక సమస్యకి చికిత్స తీసుకునేవాళ్ళ వివరాలు రహస్యంగా ఉంచాలని ఆ చట్టం చెబుతోంది. కొన్ని మినహాయింపులున్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వేరొకరికి హాని జరిగేలా ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు... ఇలాంటివి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చెయ్యక తప్పదు. మంచి కౌన్సెలరైతే ఈ హద్దులన్నీ మొదటి రోజే చెబుతారు. చెప్పకపోతే మీరే అడగండి.

ఆ చట్టంలోనే ఇంకో మంచిమాట ఉంది. ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషికి మతి స్థిమితం లేదని అర్థం కాదు, అది తేల్చాల్సింది కోర్టు అని. 'డాక్టరు దగ్గరికెళ్తే రేపు విడాకుల కేసులో పిచ్చిదని రాయిస్తారేమో' అని భయపడే అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్య బీమాలో మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల్ని కూడా చేర్చాలని కూడా ఇదే చట్టం చెప్పింది. పాలసీ కాగితాలు ఓసారి తీసి చూడండి.

తల్లులకి ఒక కష్టమైన మాట. పద్దెనిమిది నిండిన పిల్లలు చెప్పింది వాళ్ళు ఒప్పుకోకుండా మనకి చెప్పరు. బయట కుర్చీలో కూర్చుని, 'ఏమన్నాడండీ?' అని ఆరాటపడతాం. అడగకండి. పిల్లాడు బయటికి రాగానే, 'ఏం తిందాం?' అనండి చాలు. చెప్పాలనిపించినప్పుడు వాడే చెబుతాడు.

తేడా అనిపిస్తే

నేను మొదట వెళ్ళిన ఒకచోట ఆయన పావుగంట విని, అరగంట వేదాంతం చెప్పాడు. ఆడవాళ్ళు ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుందన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు. టైలర్ బ్లౌజు పాడుచేశాడని బ్లౌజులే మానేస్తామా? ఇంకొకర్ని చూసుకున్నాను.

మూడు నాలుగుసార్లు వెళ్ళినా మనసు కుదరకపోతే మారడం మీ హక్కు. ఇక కొన్నిటికైతే మూడోసారి దాకా ఆగక్కర్లేదు. మీ మాటలు మీ ఆయనకి చేరవేసినా, మీ కులం గురించో నడవడి గురించో తీర్పులు చెప్పినా, అనవసరంగా చెయ్యి వేసినా, 'పది రోజుల్లో గ్యారంటీ' అన్నా లేచి వచ్చెయ్యండి.

మరో సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కొడుతున్నారంటే అది మీ మనసుకి వచ్చిన జబ్బు కాదు. కౌన్సెలింగ్ మీకు ధైర్యం ఇస్తుందేమో గానీ దెబ్బల్ని ఆపదు. దానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, సఖి కేంద్రాలున్నాయి. మిమ్మల్ని మాత్రమే మారమని చెప్పే కౌన్సెలింగ్ అది ఏ గదిలో జరిగినా మళ్ళీ ఆ పాత 'సర్దుకుపో' పాటే.

డబ్బు లేకపోతే?

ప్రైవేటు ఫీజులు ఊరిని బట్టి, మనిషిని బట్టి మారతాయి. వెళ్ళే ముందే ఫోన్‌లో అడగండి. మొహమాటం వద్దు. అది భారమైతే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రత్యేక ప్రభుత్వాసుపత్రులున్నాయి. ఆ పేర్లు మన సినిమాలు నవ్వులాటకి వాడుకున్నాయి గానీ, అక్కడి ఓపీకి వచ్చి మందులు తీసుకుని ఇంటికెళ్ళిపోయి మామూలుగా బతుకుతున్నవాళ్ళు ఎందరో!

బస్సెక్కే వీలు కూడా లేనివాళ్ళకి 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ ఇది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై నిపుణులకి కలుపుతారు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, గిన్నెలు పక్కన పెట్టి పది నిమిషాలు మాట్లాడొచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం మధ్యాహ్నం దాకా ఆగొద్దు. ఆ క్షణమే ఆ నంబరు నొక్కండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండకండి.

కోర్టు తీర్పు కాలేజీల్లో కౌన్సెలర్‌ని కూర్చోబెట్టగలదు. మన మనసులోని బెరుకుని తీసేసే తీర్పు మాత్రం మనమే ఇచ్చుకోవాలి. పంటి నొప్పికి వెళ్ళినట్టు, కళ్ళజోడుకి వెళ్ళినట్టు అమ్మ కౌన్సెలింగ్‌కి వెళ్ళడం చూసిన పిల్లలు, రేపు వాళ్ళకి కష్టం వస్తే దాచుకోకుండా చెబుతారు. ఆ 14416 నంబరు ఫ్రిజ్ మీద, గ్యాస్ నంబరు పక్కన రాసిపెట్టండి. మీకు అక్కర్లేకపోవచ్చు. ఇంటికి వచ్చిపోయేవాళ్ళలో ఎవరికో ఒకరికి కావచ్చు.